శబరి పరీవాహంలో అడవి నడక, వన్యప్రాణుల పరిశీలన

ఉష్ణమండలపు అడవి అంచున ఉన్న విడిదిలో రెండు మూడు రోజులు బస చేసి, తెల్లవారుజామునా పొద్దువాలే వేళా కాలినడకన తిరుగుతూ, జంతువులనూ పక్షులనూ వాటి నెలవులలోనే చూసి రావడం అనే విహారం గత కొన్ని దశాబ్దాలలో ప్రపంచమంతటా వ్యాపించింది. పెరూ దేశంలో తంబోపాటా నది ఒడ్డున మట్టిగట్ల మీద లవణాల కోసం వాలే చిలుకల గుంపులను చూడడానికీ, బోర్నియో ద్వీపంలోని డానమ్ లోయలో చెట్ల నడిమెత్తున వేలాడే వంతెనల మీద నడవడానికీ దేశదేశాల యాత్రికులు వెళుతూ ఉంటారు. ఇటువంటి అభిరుచి ఉన్న తెలుగు శ్రోతకు తగిన అడవి ఇంటికి చాలా దగ్గరలోనే ఉంది. అది శబరి నది పరీవాహక ప్రాంతం. ఆ ప్రాంతానికి కూడలి వంటి ఊరు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, సుక్మా జిల్లాలోని కొంటా.

ఒడిశాలోని కోరాపుట్ ఎత్తుల మీద పుట్టిన కొలాబ్ నది కొంత దూరం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరుకూ ఒడిశాకూ సరిహద్దుగా ప్రవహించి, శబరి అనే పేరుతో కొంటా వైపు దిగి వస్తుంది. కొంటా దగ్గర, ఒడిశా గ్రామమైన మోటు ఎదురుగా ఉండే చోట, మాచ్‌కుండ్ లోయ నుంచి వచ్చే సీలేరు దానిలో కలుస్తుంది. అక్కడి నుంచి ఆ నది ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశించి, చింతూరు మీదుగా సాగి, కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. జగదల్‌పూర్ నుంచి సుక్మా, కొంటా మీదుగా భద్రాచలం వైపు దిగే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతమంతటికీ ప్రధాన మార్గం. కొంటా పరిసరాలలో దోర్లా, కోయ ప్రజలు నివసిస్తారు. దోర్లాల మాటలో తెలుగు పాలు ఎక్కువ కనుక ఇక్కడి సంతలో తెలుగు యాత్రికుడికి మాట్లాడే మనిషి కరువు కాడు.

ఈ అడవిని గురించి మొదటే ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. శాస్త్రీయ పరిభాషలో వర్షారణ్యం అంటే ఏడాది పొడవునా వానలు పడుతూ, ఎండాకాలమనేది నామమాత్రంగా ఉండి, చెట్లు ఏ ఋతువులోనూ మోడుబారని అడవి. భారతదేశంలో అటువంటివి పశ్చిమ కనుమలలోనూ, ఈశాన్య రాష్ట్రాలలోనూ, అండమాన్ నికోబార్ దీవులలోనూ మాత్రమే ఉన్నాయి. శబరి తీరపు అడవులకు వాన దండిగానే పడినా, అది చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలలోనే కురుస్తుంది కాబట్టి, వీటిని శాస్త్రజ్ఞులు తేమగల ఆకురాల్చే అడవులుగా వర్గీకరించారు. అయితే లోయల అడుగునా వాగుల వెంటా నీడ పట్టున ఏడాదంతా తేమ నిలిచే చోట్ల సతత హరిత వృక్షాలు, పెద్ద తీగలు, ఫెర్న్ మొక్కలు దట్టంగా పెరిగి, వర్షారణ్యపు పోలికలు కనిపిస్తాయి. అటువంటి చోట్లను అర్ధ సతతహరిత అడవులంటారు. మారేడుమిల్లి కనుమ దారిలోనూ, కాంగేర్ లోయలోనూ ఇవి ఉన్నాయి. ఒకే రోజు నడకలో టేకు, వెదురు ఉన్న ఎండు వాలును దాటి, చెమ్మ కమ్మిన చీకటి లోయలోకి దిగే వీలుండడం ఈ ప్రాంతానికి ఉన్న గొప్ప అనుకూలత. అడవి మారిన కొద్దీ అందులో తిరిగే ప్రాణులూ మారిపోతాయి.

కొంటాలోనూ దాని చుట్టుపక్కల అడవులలోనూ యాత్రికుల విడిదులు పెరగలేదు. దక్షిణ బస్తరును దశాబ్దాల తరబడి పట్టి పీడించిన సాయుధ సంఘర్షణే దానికి కారణం. ఇప్పటికీ ప్రధాన రహదారి వదిలి లోపలి అడవిలోకి తోచినట్లు నడిచి పోవడం మంచిది కాదు. అటవీ శాఖనూ స్థానిక పోలీసులనూ అడిగి తెలుసుకున్న తరువాతే ఏ నడకైనా తలపెట్టాలి. బస దొరికే చోట్లు శబరికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉన్నాయి. ఎగువన జగదల్‌పూర్‌కు దగ్గరలో కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం, దిగువన చింతూరు నుంచి ఇంచుమించు 50 కిలోమీటర్ల కనుమ దారి ఎక్కి దిగితే వచ్చే మారేడుమిల్లి. కాంగేర్ నది నీరు కొలాబులో కలిసి కొంటా ముందు నుంచే ప్రవహిస్తుంది కాబట్టి, ఈ రెండు అడవులూ రెండు రాష్ట్రాలవైనా ఒకే నదీ కుటుంబానికి చెందినవి.

అడవికి వెళ్ళిన యాత్రికులలో చాలామంది ఏమీ కనపడలేదని నిరాశతో తిరిగి వస్తారు. ఆ నిరాశకు కారణం అడవి ఖాళీగా ఉండడం కన్నా అడవిని చూసే పద్ధతి తెలియకపోవడమే. దట్టమైన వర్షారణ్యంలో పైనున్న ఆకుల పందిరి వెలుగునంతా అడ్డుకుని, నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే నేలకు జారనిస్తుంది. పండ్లు, పూలు, లేత చిగుళ్ళు అన్నీ పైనే ఉండడంతో జంతువులూ పైనే బతుకుతాయి, నేల మీద నడిచే మనిషికి కనిపించేది తక్కువ. ఆకురాల్చే అడవిలో ఈ కష్టం ఋతువును బట్టి మారుతుంది. వానాకాలం చివర గడ్డి, పొదలు మనిషెత్తున పెరిగి పది అడుగుల దూరంలోని దుప్పిని కూడా దాచేస్తాయి. ఫిబ్రవరి తరువాత టేకు ఆకు రాలి నేల బయటపడి, నీటి చెలమలు తగ్గిపోయి, జంతువులు మిగిలిన వాగుల దగ్గరికి చేరడంతో చూపు చాలా దూరం సాగుతుంది. అయితే అప్పుడే ఎండుటాకుల మీద మనిషి అడుగు చప్పుడు కూడా చాలా దూరం వినిపిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవారు గంటకు కిలోమీటరు మించని వేగంతో, నాలుగడుగులు వేసి నిలబడి, మళ్ళీ నాలుగడుగులు వేస్తూ నడుస్తారు. గాలి ఎదురుగా వీచే దిక్కుకే పోతారు, ఎందుకంటే అడవిదున్నకూ కణుజుకూ మనిషి కంటబడక ముందే అతని వాసన తెలిసిపోతుంది.

కన్ను కన్నా చెవి ముందు పని చేయాలి. పులినో చిరుతనో పసిగట్టినప్పుడు చుక్కల దుప్పి వేసే కీచుకేక, కణుజు వేసే గంట మోగినట్లుండే పొట్టి కేక, చెట్టుకొమ్మ మీది కొండముచ్చు దగ్గినట్లు వేసే గొంతు, మొరిగే జింక కుక్కలా ఆగి ఆగి చేసే శబ్దం, వీటన్నింటినీ కలిపి హెచ్చరిక కూతలు అంటారు. ఇవి ఒకటి తరువాత ఒకటిగా లోయలో ముందుకు జరుగుతూ వినిపిస్తే, వేటజంతువు ఏ దిక్కుకు నడుస్తున్నదో ఊహించవచ్చు. పక్షుల విషయంలో తెలుసుకోదగిన మరొక సంగతి మిశ్రమ మేత గుంపు. శీతకాలపు ఉదయాలలో పది పదిహేను రకాల చిన్న పక్షులు కలిసి, చెట్టు నుంచి చెట్టుకు పురుగులు ఏరుకుంటూ పోతాయి; తోక చివర రెండు పొడవైన తీగలు, వాటి కొసన చిన్న ఆకుల వంటి ఈకలు ఉన్న నల్లని ఏట్రింత జాతి పక్షి తరచుగా ఆ గుంపుతో ఉండి, ఇతర పక్షుల గొంతులను అనుకరిస్తూ, అవి లేపిన పురుగులను పట్టుకుంటుంది. అరగంట సేపు ఒక్క పిట్ట కూడా కనపడని దారిలో ఇటువంటి గుంపు ఎదురైతే ఐదు నిమిషాలలో ఇరవై పక్షులు కనిపించి మాయమవుతాయి. ఆ ఐదు నిమిషాలూ కదలకుండా నిలబడడమే చేయవలసిన పని.

జంతువు కనపడకపోయినా దాని జాడలు కనిపిస్తూనే ఉంటాయి, వాటిని చదవడం నేర్చిన యాత్రికుడికి ఖాళీ నడక అనేది ఉండదు. శబరి, సీలేరు తీరాల ఇసుక మీద రాత్రి తిరిగిన నక్క, ముళ్ళపంది, పునుగుపిల్లి అడుగులు ఉదయం ఎండ ఎక్కే దాకా చెక్కుచెదరకుండా ఉంటాయి. బద్దలు కొట్టిన చెదపుట్ట, చెట్టు బెరడు మీద నిలువు గీతలు ఎలుగుబంటివి. అదే ఇసుకలో తడి ఉన్న చోట వందల కొద్దీ సీతాకోకచిలుకలు రెక్కలు ముడుచుకుని కూర్చోవడం కూడా చూడదగినది. వాటిలో ఎక్కువ భాగం మగవి, తేనెలో దొరకని లవణాలను అవి తడి మట్టి నుంచి పీల్చుకుంటాయి.

అడవిలో ఎప్పుడు ఏది కనపడుతుందన్నది ఎక్కువగా ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది, ఎప్పుడు కాస్తుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆకు లేకుండా ఎర్రగా పూసే మోదుగ, బూరుగ చెట్ల మీద గోరింకలు, ఏట్రింతలు, ఉడుతలు తేనె కోసం పొద్దున్నే చేరుతాయి. పూసిన బూరుగ చెట్టు ఎదురుగా ఒక గంట కూర్చున్నవారికి, పది కిలోమీటర్లు తిరిగినవారి కన్నా ఎక్కువ పక్షులు కనిపిస్తాయి. మర్రి, రావి, జువ్వి, మేడి జాతి చెట్లు ఏ నెలలో పండితే ఆ నెలలో వాటి చుట్టూ పచ్చపావురాలు, కంసాలి పిట్టలు, హార్న్‌బిల్ పక్షులు మూగుతాయి. మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా రాత్రివేళ రాలే ఇప్పపువ్వు ఈ అడవికంతటికీ ఉమ్మడి విందు. దుప్పులు, కణుజులు, అడవిపందులు, ఎలుగుబంట్లు చీకటి ఉండగానే ఇప్పచెట్ల కిందికి వస్తాయి. కోయ, దోర్లా స్త్రీలు కూడా తెల్లవారక ముందే బుట్టలతో అక్కడికే వస్తారు. మనుషులూ ఎలుగులూ ఒకే చెట్టు కింద తారసపడే ఆ ఋతువులోనే ప్రమాదాలు జరుగుతాయి. ఎలుగుబంటికి చూపు, వినికిడి అంత చురుకైనవి కావు. అది తలవంచి మేస్తూ మనిషిని చాలా దగ్గరికి వచ్చేదాకా గమనించక, గమనించిన వెంటనే బెదిరి మీదపడుతుంది, పిల్లలను వీపు మీద మోస్తున్న తల్లి అయితే మరీ ప్రమాదకరం. పొదలు దట్టంగా ఉన్న మలుపుల దగ్గర గుంపుగా, మెల్లగా మాట్లాడుకుంటూ నడవడం, ఎదురైతే పరుగెత్తకుండా నెమ్మదిగా వెనక్కు తగ్గడం యాత్రికుడు పాటించవలసిన నియమం. ఇప్పపువ్వు ఏరుకునే వారి పొద్దుటి పనికి అడ్డుపడకుండా ఉండడం అంతకన్నా ముందు పాటించవలసిన మర్యాద.

కాంగేర్ లోయను 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. పడమట తీరథ్‌గఢ్ జలపాతం నుంచి తూర్పున కొలాబ్ నది దాకా సన్నగా సాగిన ఈ లోయలో ఉత్తర భారతపు సాల వృక్షమూ దక్షిణాపథపు టేకూ కలుసుకుంటాయి. సాల వృక్షమంటే హిమాలయ పాదాల నుంచి మధ్య భారతం దాకా ఏకజాతి అడవులుగా పెరిగే చెట్టు, తెలుగులో దానిని గుగ్గిలం చెట్టు అని కూడా అంటారు. ఈ లోయకు ప్రసిద్ధి తెచ్చిన పక్షి బస్తరు కొండ గోరింక. నల్లని మెరిసే ఒళ్ళు, నారింజ రంగు ముక్కు, తల వెనుక పసుపుపచ్చని చర్మపు మడతలు ఉండే ఈ పక్షి మనిషి మాటలను స్పష్టంగా అనుకరించగలదు. ఆ గుణమే దానికి శాపమై, పంజరాల కోసం గూళ్ళ నుంచి పిల్లలను ఎత్తుకుపోవడం తరతరాలుగా సాగింది. ఇది ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. జగదల్‌పూర్‌లో పంజరాలలో ఉంచి దీని సంతతిని పెంచే ప్రయత్నం జరిగినా, ఆడ మగలు చూపుకు ఒకే తీరుగా ఉండడం వంటి చిక్కుల వల్ల ఆశించిన ఫలితం రాలేదు. అడవిలోనే గూళ్ళను కాపాడడమే మేలని తరువాత గ్రహించి, లోయలోని గ్రామ యువకులకు ‘మైనా మిత్ర’ అనే పేరుతో శిక్షణ ఇచ్చి ఆ బాధ్యతను అప్పగించారు. గోరింక తానుగా తొర్ర తొలచుకోలేదు. వడ్రంగిపిట్టలు తొలిచి వదిలిన తొర్రలలో, ఎండిన మోళ్ళలో గుడ్లు పెడుతుంది కనుక, పనికిరాదని నరికివేసే ఎండు చెట్టే దానికి ఇల్లు.

అదే లోయలోని కోటుమ్‌సర్ గుహ సున్నపురాతిని నీరు కరిగించడం వల్ల ఏర్పడింది. దాని చీకటి మడుగులలో తరతరాలుగా వెలుగు ఎరుగక కళ్ళు క్షీణించి, ఒంటి రంగు పాలిపోయిన చిన్న చేపలు ఉన్నాయి. పొడవైన మీసాలతో తడుముకుంటూ తిరిగే గుహ కీచురాయి ఒకటి ఉంది, ఆ గుహను పరిశోధించిన శంకర్ తివారీ పేరు మీద శాస్త్రజ్ఞులు దానికి కెంపియోలా శంకరి అని నామకరణం చేశారు. వానాకాలంలో నీరు నిండడం వల్ల గుహను మూసివేస్తారు. నదిలోని భైంసా దర్హా అనే లోతైన మడుగులో మొసళ్ళు ఉంటాయి. లోయలోని ధూడ్‌మారాస్ గ్రామంలో ధుర్వా గిరిజనులు తమ ఇళ్ళలోనే యాత్రికులకు బస ఇచ్చి, వెదురు తెప్పల మీద నదిలో తిప్పుతారు. ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల ప్రోత్సాహక కార్యక్రమానికి ఎంపిక చేసిన ఊళ్ళలో ఈ గ్రామం ఒకటి. విదేశీ పెట్టుబడితో కట్టే ఖరీదైన లాడ్జీల కన్నా ఇటువంటి బస ఈ అడవికి ఎక్కువ తగినది. ఇక్కడ యాత్రికుడి డబ్బు అడవి మధ్య బతికే ఇంటికే నేరుగా చేరుతుంది.

శబరి, గోదావరి ప్రాంతానికి జీవ భౌగోళిక శాస్త్రంలో, అంటే ఏ ప్రాణి ఏ నేల మీద ఎందుకు ఉంటుందో వివరించే శాస్త్రంలో, ప్రత్యేక స్థానం ఉంది. దానికి సులభమైన ఉదాహరణ అడవికోడి. హిమాలయ పాదాల నుంచి బస్తరు మీదుగా దిగి వచ్చిన ఎర్ర అడవికోడి ఇంచుమించు గోదావరి దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి దక్షిణాన, మెడ మీద మైనపు చుక్కల వంటి మెరిసే మచ్చలు ఉన్న బూడిదరంగు అడవికోడి రాజ్యం. ఎర్ర అడవికోడి విస్తరించిన ప్రాంతమూ సాల వృక్షం విస్తరించిన ప్రాంతమూ చాలావరకు ఒకటేనని పక్షిశాస్త్రవేత్తలు గుర్తించారు. ప్రపంచంలోని పెంపుడు కోళ్ళన్నింటికీ ప్రధాన పూర్వీకురాలు ఈ ఎర్ర అడవికోడే. కొంటా నుంచి చింతూరుకు పోయే దారిలో ఉదయం వినవచ్చే కూత ఊరికోడిదా, అడవికోడిదా అని తేల్చుకోవాలంటే చివరి స్వరం వినాలి: అడవి పుంజు కూత ఊరి పుంజు కూత కన్నా పొట్టిగా, చివర తెగిపోయినట్లు ముగుస్తుంది.

ఈ కొండల పక్షులను శాస్త్రీయంగా లెక్కకు తెచ్చిన మొదటి పెద్ద ప్రయత్నం 1929–30లో జరిగిన వెర్నే సర్వే. ఆర్థర్ వెర్నే ఆర్థిక సహాయంతో బొంబాయి సహజ చరిత్ర సంఘం తూర్పు కనుమలలో నమూనాలు సేకరించగా, వాటిని విస్లర్, కినియర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పరిశీలించి వరుస వ్యాసాలు ప్రకటించారు. బస్తరు కొండ గోరింకను ప్రత్యేక ఉపజాతిగా 1933లో వర్ణించింది వారే. ఆ తరువాత ఈ పనిని కొనసాగించిన వారిలో విశాఖపట్నానికి చెందిన ప్రకృతి పరిశీలకుడు కె. ఎస్. ఆర్. కృష్ణరాజు పేరు తెలుగువారు మరువకూడనిది. ఈశాన్య భారతపు తేమ అడవులలో ఉండే అబ్బాట్ బాబ్లర్ అనే గోధుమరంగు చిన్న పక్షి, నడుమ వందల మైళ్ళ ఖాళీ విడిచి, మళ్ళీ ఉత్తర తూర్పు కనుమలలో కనిపిస్తుంది. డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ అనే పక్షిశాస్త్రవేత్తలు 1985లో ఈ కనుమల పక్షిని వేరొక ఉపజాతిగా వర్ణించి, దానికి కృష్ణరాజు పేరే పెట్టారు. కృష్ణరాజుతో కలిసి పనిచేసిన ట్రెవర్ ప్రైస్ అనే పరిశోధకుడు, మధ్య ఆసియా, సైబీరియా అడవుల నుంచి శీతకాలానికి వలస వచ్చే గ్రీనిష్ వార్బ్లర్ అనే, పది గ్రాములు కూడా తూగని పిట్టను ఈ కనుమలలోనే పరిశోధించి, వలస వచ్చిన పక్షులు చలికాలంలో కూడా ఒక్కొక్కటి తన తన హద్దును కాచుకుంటాయని వివరించాడు. అడవి విడిది ముంగిట చింతచెట్టులో తెరిపి లేకుండా చిన్నగా కూస్తూ ఉండే ఆ ఆకుపచ్చని పిట్టను చాలామంది యాత్రికులు తలెత్తి కూడా చూడరు. పులి కనపడలేదని దిగులుపడే యాత్రికుడు, వేల మైళ్ళు ఎగిరి వచ్చిన ఆ ప్రాణిని చూసి ఉంటే దిగులుపడే అవసరమే ఉండేది కాదు.

దిగువన మారేడుమిల్లి, రంపచోడవరం అడవులు పాపికొండల జాతీయ ఉద్యానానికి పొరుగున ఉన్నాయి. 1978లో అభయారణ్యంగా ఏర్పడిన పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానమయ్యాయి. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన. మారేడుమిల్లిలో అటవీ శాఖ, స్థానిక వన సంరక్షణ సమితుల అతిథి గృహాలు ఉన్నాయి. వాలమూరు వద్ద వాగు ఒడ్డున గుడారాల విడిది జంగిల్ స్టార్ ఉంది. ఇక్కడి ఉదయపు నడకలో ఎక్కువగా కనిపించే పెద్ద ప్రాణి బెట్టుడుత. మూరెడు ఒంటికి అంతకు మించిన తోకతో, ఎరుపూ నలుపూ గోధుమా కలిసిన రంగుతో, అది చెట్టు నుంచి చెట్టుకు ఇరవై అడుగుల దూరం దూకగలదు. కొమ్మల చివర ఆకులతో కట్టిన పెద్ద బంతుల వంటి గూళ్ళు దానివే. రెక్కల చప్పుడు దూరం నుంచే వినపడితే అది మలబార్ పైడ్ హార్న్‌బిల్ కావచ్చు. ముక్కు మీద మరొక ముక్కు మోపినట్లుండే ఈ నలుపు తెలుపు పక్షి పెద్ద చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. ఆడపక్షి లోపల కూర్చుని ద్వారాన్ని మట్టితో, రెట్టతో మూసుకుని, ముక్కు పట్టేంత సందు మాత్రమే ఉంచుకుంటే, మగపక్షి వారాల తరబడి పండ్లు తెచ్చి ఆ సందు గుండా అందిస్తుంది. మగపక్షికి హాని జరిగితే గూటిలోని కుటుంబం బతకడం కష్టం. మోకాళ్ళ దాకా తెల్లని మేజోళ్ళు తొడిగినట్లుండే అడవిదున్న లోపలి అడవిలో ఉంది, కానీ మనిషి అలికిడికి తప్పుకుపోతుంది. దాని కొమ్ములతో చేసిన తలపాగాలను బస్తరు మాడియా పురుషులు పండుగ నాట్యంలో ధరించడం ప్రసిద్ధం.

తూర్పు కనుమలలో పాములకు రాజు గిరినాగు. నాలుగైదు మీటర్ల పొడవు పెరిగే ఈ విషసర్పం ముఖ్యంగా ఇతర పాములనే తింటుంది. ఎండు ఆకులను ఒంటితో పోగుచేసి గూడు కట్టి గుడ్లను కాపాడే పాము ఇదొక్కటే. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే తూర్పు కనుమల వన్యప్రాణి సంఘం, దీనిని చంపకుండా సమాచారం ఇవ్వమని గ్రామాలలో ప్రచారం చేస్తున్నది. ఇంకా చిన్న ప్రాణులకు వస్తే, పందొమ్మిదో శతాబ్దిలో బెడ్డోమ్ అనే ఆంగ్ల అధికారి జయపురం కొండలలో వర్ణించిన నేలబల్లి ఒకటి నూటముప్పై ఏళ్ళకు పైగా ఎవరి కంటా పడక, అంతరించిందేమోనని భావించిన తరువాత, ఒడిశా, ఉత్తరాంధ్ర కొండలలో మళ్ళీ దొరికింది. ఆ వార్త 2012లో శాస్త్రలోకానికి వెల్లడైంది. రాత్రి దీపం పట్టుకుని విడిది పరిసరాలలో నడిచేవారికి ఇటువంటి బల్లులు, కప్పలు, సాలీళ్ళు దొరుకుతాయి. చీకట్లో వెలుగు పడితే జంతువుల కళ్ళు మెరవడానికి కారణం, కంటిపొర వెనుక ఉండే అద్దం వంటి పొర కాంతిని తిప్పి పంపడం. దుప్పి కన్ను, పునుగుపిల్లి కన్ను వేరువేరు రంగులలో, వేరువేరు ఎత్తులలో మెరుస్తాయి.

ఈ నడకకు కావలసిన సాధనాలు కొద్దివే. దుర్భిణి కొనదలచినవారు దాని మీది అంకెలను చూడాలి: ఎనిమిది, నలభై రెండు అని ఉంటే వస్తువును ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందనీ, ముందు అద్దం వ్యాసం నలభై రెండు మిల్లీమీటర్లనీ అర్థం, నీడ ఎక్కువగా ఉన్న అడవికి ఆ కొలత సరిపోతుంది. దక్షిణ బస్తరులోనూ తూర్పు కనుమల ఏజెన్సీలోనూ మలేరియా తీవ్రంగా ఉండేది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో బస్తరు మలేరియా నిర్మూలనకు ప్రత్యేక కార్యక్రమం చేపట్టడం ఆ తీవ్రతకు నిదర్శనం. యాత్రికుడు దోమతెర, నిండు చేతుల చొక్కా తప్పక వాడాలి, తిరిగి వచ్చిన తరువాత జ్వరం వస్తే అడవికి వెళ్ళిన సంగతి వైద్యుడికి చెప్పాలి.

శీతకాలపు సెలవు దినాలలో మారేడుమిల్లి కనుమ దారినీ గుడిస గడ్డి మైదానాన్నీ కమ్ముకునే వాహనాలు, పాటల పెట్టెలు, ప్లాస్టిక్ చెత్త, కోతులకు విసిరే తినుబండారాలు ఆ అడవికి చేస్తున్న హాని కళ్ళకు కట్టినట్లు కనిపిస్తున్నది. రోడ్డు పక్కన చిరుతిండి మరిగిన కోతి వాహనాల కింద పడుతుంది, మనుషుల మీద పడుతుంది. పక్షిని దగ్గరికి రప్పించడానికి సెల్‌ఫోనులో దాని కూత మళ్ళీ మళ్ళీ వినిపించడం మరొక దురలవాటు; తన హద్దులోకి వేరొక పక్షి వచ్చిందని భ్రమించి అది మేత మాని, గూడు విడిచి, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది. ఇటువంటి పనులను విడిదుల నిర్వాహకులు నిషేధించాలి, పాటించని వారిని తిరిగి పంపించాలి.

వేట సంగతి దీనికన్నా సున్నితమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాని కొండ గ్రామాలలో వేట ఆహారంతోనూ ఆచారంతోనూ ముడిపడి ఉంది, విత్తనాల ముందు వచ్చే భూమి పండుగలో మగవారు గుంపుగా అడవికి వెళ్ళే సంప్రదాయం ఏజెన్సీలో ఉంది. అడవిని అందరికన్నా బాగా ఎరిగినవారు కూడా ఆ వేటగాళ్ళే. ఏ మర్రి ఎప్పుడు పండుతుందో, హార్న్‌బిల్ ఏ తొర్రకు మళ్ళీ వస్తుందో, కణుజు ఏ వాగుకు దిగుతుందో వారికి తెలిసినట్లు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ జ్ఞానానికి విల్లంబు దించి దుర్భిణి పట్టినా కూలి దక్కుతుందని వారికి నమ్మకం కలిగించడమే కొండ గోరింక విషయంలో కాంగేర్ లోయ చేసిన పని. అదే పని శబరి దిగువనా, కొంటా పరిసరాలలో పరిస్థితులు కుదుటపడిన కొద్దీ అక్కడా జరగాలి. ఫోను చేసి విడిదిలో గది కుదుర్చుకునే శ్రోతలు ఆ ఫోనులోనే తెల్లవారుజాము నడకకు ఆ ఊరి కోయ, కొండరెడ్డి, దోర్లా మార్గదర్శకుడు ఎవరైనా దొరుకుతారా అని కూడా అడగాలి. అతని కూలి ఎంతో ముందుగా తెలుసుకుని, బేరం ఆడకుండా, నడక ముగిసిన వెంటనే అతని చేతికే ఇవ్వాలి.